కింది గొంతు రాజరత్నం

రాజరత్నం గొంతు వినాలంటే ఓపిక ఉండాలి. ముందు క్యాసెట్ పెట్టాలి. పల్లవి పాడే అమ్మాయిని పక్కన పెట్టాలి, వయొలిన్లని పక్కన పెట్టాలి, తబలాని పక్కన పెట్టాలి, ఆపైన కోరస్‌లో మిగతా ముగ్గురినీ పక్కన పెట్టాలి. అన్నీ తీసేశాక బియ్యం అడుగున రాయి తేలినట్టు ఏదో ఒకటి మిగులుతుంది. "ఊ..." అంటుంది. అదే రాజరత్నం.

ఈ మాటలు ఎవరో ఎగతాళికి అన్నవి కావు. అతనే చెప్పుకునేవాడు, చెప్పి ముందు తనే నవ్వేవాడు. అయినా కొత్త క్యాసెట్ వచ్చినప్పుడల్లా దాన్ని క్యారేజీ సంచిలో వేసుకుని వారం పాటు ఏలూరంతా తిప్పేవాడు. అట్ట మీద అడుగున, చీమ కాళ్ళంత అక్షరాల్లో "గానం: కెజియా, కోరస్: రాజరత్నం బృందం" అని ఉండేది. ఆ వరస మీద వేలు పెట్టి చూపిస్తే వేలు కిందే పేరు మునిగిపోయేది.

అతని ఉద్యోగం జూట్ మిల్లులో, నూలు వడికే మరల దగ్గర. షిఫ్టు మొదలైన దగ్గర్నుంచీ దిగేదాకా ఆ మరలు ఒకే శ్రుతి పట్టుకుని రొద చేస్తుంటాయి. పక్కవాడితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. కుర్రతనంలో చేరిన కొత్తలో ఏమీ తోచక, ఆ రొదతో పాటు తనూ మూలగడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి మర ఎక్కడుంటే తనూ అక్కడ ఉండగలిగాడు. ఇంకొన్నాళ్ళకి దాని కింద ఒక మెట్టు దిగి అక్కడ కూర్చోగలిగాడు. ఒక ఆదివారం చర్చిలో వెనక బెంచీలోంచి వచ్చిన ఆ మూలుగు విని, క్వయర్ నడిపే మాస్టారు ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుని వెనక్కి తిరిగారు. మనిషి నిక్షేపంగా ఉన్నాడని తేలాక, "నువ్వు బేస్ పాడతావా?" అని అడిగారు. నాలుగు గొంతుల పాటలో అన్నిటికన్నా కింద ఉండే గొంతుని బేస్ అంటారని రాజరత్నానికి ఆ రోజే తెలిసింది. తను ఇన్నాళ్ళూ చేస్తున్నదానికి ఇంగ్లీషులో ఒక పేరు కూడా ఉందని తెలిసి పొంగిపోయాడు.

క్వయర్ నుంచి పవర్‌పేటలో ఆనంద్ పాల్ స్టూడియోకి వెళ్ళాడు. చెప్పుల కొట్టు మీద మేడగది, గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించి ఉండేవి. ఏటా వానాకాలంలో క్రిస్మస్ పాటల రికార్డింగులు మొదలయ్యేవి. ఆనంద్ పాల్ ఫోన్ చేసేవాడు. కెజియా పల్లవి పాడితే, రాజరత్నం, ఇంకో ముగ్గురు ఒకే మైకు చుట్టూ నిలబడి కోరస్ పాడేవాళ్ళు.

ఇంట్లో మాత్రం ఈ ఘనత చెల్లేది కాదు. భార్య సువర్ణ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. పిల్లల గోలలోంచి ఎవరేమన్నారో పట్టుకోగల చెవులు ఆమెవి. ఆ చెవులకి కూడా రాజరత్నం దొరకలేదు.

"ఇంకా రాలేదాండీ మీరు?" అనేది, క్యాసెట్ సగంలో ఉండగా.

"ఇదిగో, ఇప్పుడు వచ్చాను. విను."

"ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోందండీ."

"అది ఫ్యాన్ కాదు సువర్ణా. అది నేను."

ఆమె లేచి ఫ్యాన్ కట్టేసి, మళ్ళీ విని, "నిజమేనండోయ్" అనేది. పెళ్ళాం తనని మెచ్చుకుందో ఫ్యాన్‌ని మెచ్చుకుందో తేల్చుకోలేక రాజరత్నం టేపు కట్టేసేవాడు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన సంవత్సరం అది, రెండువేల ఆరు. వానలు పడ్డాయి గానీ ఆనంద్ పాల్ నుంచి ఫోన్ రాలేదు. రాజరత్నం ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ ఎదురుచూశాడు. కొన్నాళ్ళు చూసి, ఇటేదో పనుండి వచ్చినట్టు మొహం పెట్టుకుని మేడ మెట్లెక్కాడు.

ఆనంద్ పాల్ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. మర్యాదస్తుడు, ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. లేచి కుర్చీ వేసి, టీ చెప్పి, ఏం మాట్లాడాలో తెలియక ఒక పాట పెట్టాడు. రాజరత్నం కళ్ళు మూసుకుని విన్నాడు. కెజియా పల్లవి అందుకుంది. వెనక నుంచి కోరస్ వచ్చింది. అడుగున, తన చోట, తన గొంతు నిండుగా, వెన్న రాసినట్టు పరుచుకుంది.

"ఇదెప్పుడు పాడానండీ?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"ఏదండీ?"

"ఈ పాటే. నాకు గుర్తే లేదు. బాగా పాడాను సుమండీ. ఆ రోజు జలుబు లేనట్టుంది."

రాజరత్నం కళ్ళు తెరిచాడు. ఆనంద్ పాల్ టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"అది మీరు కాదండీ రాజరత్నం గారూ."

"మరెవరండీ? తాడేపల్లిగూడెం నుంచి ఎవరినైనా పిలిపించారా?"

"కెజియా గారండీ."

"కెజియాకి ఎంత జలుబు చేసినా అంత కిందకి దిగలేదు కదండీ."

అప్పుడు ఆనంద్ పాల్ విషయం చెప్పాడు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒక్కరు పాడితే చాలు. ఆ ఒక్క గొంతునే పైకి లాగి, కిందకి దించి, నలుగురు పాడినట్టు చేసి ఇస్తుంది. ఈ ఏటి పాటలన్నీ అలాగే అయిపోయాయి. చెప్పడానికి మొహం చెల్లక ఫోన్ చెయ్యలేదు.

రాజరత్నం కంప్యూటరు వైపు తిరిగాడు. అడగాల్సినవి చాలా ఉన్నాయనిపించింది గానీ ఒకటే నోటికొచ్చింది.

"ఊపిరి ఎక్కడ తీసుకుంటుందండీ?"

"తీసుకోదండీ."

"అదృష్టవంతురాలు," అన్నాడు రాజరత్నం.

మెట్లు దిగుతుంటే కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. అది చెడ్డగా పాడి ఉంటే, యంత్రం యంత్రమేనయ్యా అని ఊరంతా చెప్పి తిరిగేవాడు. బాగా పాడిందని తనే మెచ్చుకున్నాడు. పైగా తను పాడాననుకుని మెచ్చుకున్నాడు. ఇక కోపానికి చోటెక్కడిది? జూట్ మిల్లు మర దగ్గర పాట నేర్చుకున్నవాడు, ఇంకో మర వచ్చి తన చోట కూర్చుందని ఎవరికి ఫిర్యాదు చేస్తాడు?

ఇంటికెళ్ళి సువర్ణకి అంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకపోతే విషయం పెద్దదని అతనికి తెలుసు.

"పోనీ మీరే ఒక్కరూ పాడచ్చు కదండీ," అంది. "కోరస్ ఎందుకు? సోలో పాడండి. గొంతు ఉంది కదా."

ఆ మాట అతని తలకెక్కింది. నిజమే, ఇన్నేళ్ళూ పక్కవాళ్ళ కింద నిలబడి వాళ్ళని మోశాడు. వాళ్ళు లేకపోతే తనే కనపడతాడు. మిల్లులో అందరికీ చెప్పేశాడు. సువర్ణ తమ్ముడు వరదానం తాడేపల్లిగూడెంలో సంఘపెద్ద. అతనికి ఫోన్ చేసి చెప్పాడు. వరదానానికి బావగారంటే గౌరవం, రికార్డుల్లో పాడే మనిషని. గూడెంలో మీటింగులు జరుగుతున్నాయి, మధ్యాహ్నం కూటంలో ఒక పాట పాడమని పిలిచాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని రాజరత్నం వెళ్ళాడు. షామియానా నిండా జనం. వరదానం మైకులో, "మా బావగారు ఏలూరు నుంచి వచ్చారు, ఎన్నో పాటలకి గొంతు ఇచ్చారు," అని చెప్పి కూర్చున్నాడు. రాజరత్నం అందరికీ వచ్చిన పాటే ఎంచుకున్నాడు. లెక్కలేనన్ని సార్లు పాడిన పాట. కీబోర్డు కుర్రాడు మొదలుపెట్టాడు. రాజరత్నం నోరు తెరిచాడు.

"ఊ..." అని వచ్చింది.

సరి చేసుకుందామనుకున్నాడు. పల్లవి తెలుసు కదా. తెలుసనే అనుకున్నాడు. దాని కోసం చెయ్యి చాపితే అది కెజియా గొంతుతో ఎక్కడో పైన వినిపిస్తోంది గానీ తన గొంతులోకి దిగి రావడం లేదు. తన గొంతుకి తెలిసింది ఒకటే దారి. నాలుగు దెబ్బలు ఒకే స్వరం మీద నిలబడడం, ఒక మెట్టు దిగడం, మళ్ళీ నిలబడడం. మాటలూ అంతే. ప్రతి వరస చివరా కోరస్ అందుకునే మాటే తనకొచ్చు. ముందు ఏముంటుందో ఎప్పుడూ పట్టించుకోలేదు, అది కెజియా పని. ఇక ఆపితే పరువు పోతుందని, ఆ కింది దారే పట్టుకుని చరణం పూర్తిగా నడిచాడు.

మైకతను ఆంప్లిఫయర్లో ఏదో రొద వస్తోందనుకుని వంగి తీగెలు కదిపాడు. కీబోర్డు కుర్రాడు రెండు మూడు శ్రుతులు మార్చి చూసి చేతులు తీసేశాడు. చరణం అవగానే వరదానం లేచి, "ఆమేన్," అన్నాడు. జనం కూడా గండం గడిచినట్టు గట్టిగా "ఆమేన్" అన్నారు.

రాజరత్నం షామియానా వెనక కుళాయి దగ్గరకెళ్ళి మొహం కడుక్కున్నాడు. సిగ్గు కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. సగం జీవితం పాటల్లో గడిపాడు. ఒక్క పాట రాదు.

అక్కడ ఒక ముసలావిడ బిందె పట్టుకుని నిలబడి ఉంది. పేరు పాపమ్మ, కొల్లేటికోట దగ్గర ఊరు, కూతురింటికి వచ్చింది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. ముందు ఆమె అడిగింది ఒకటే.

"నాయనా, ఇందాక పాడింది ఏం పాట?"

రాజరత్నం చెప్పాడు.

"ఆ పాట నాకూ వచ్చే. నువ్వు పాడింది అందులో ఎక్కడా లేదే."

"అది కింది గొంతండీ. మీద పాడేవాళ్ళు ఉంటే కలుస్తుందండి."

"మీద పాడేవాళ్ళు రాలేదా?"

"రాలేదండీ."

"అయ్యో, బస్సు తప్పిపోయినట్టుంది," అంది పాపమ్మ జాలిగా.

ఆ రోజంతా తన మీద జాలి పడింది ఆమె ఒక్కతే. అందుకే రాజరత్నం అక్కడే గట్టు మీద కూర్చుని ఆమె చెప్పేది విన్నాడు. చెరువులు పోయాక వాళ్ళ ఊళ్ళో పని పోయింది. కొన్ని కుటుంబాలు విశాఖపట్నం రేవుకి, కొన్ని ఇంకెక్కడికో కదులుతున్నాయి. వెళ్ళేవాళ్ళు, అమ్మా, మన పాటలు ఒక సీడీ చేయించు, అక్కడ పెట్టుకుంటాం అంటున్నారు. ఆ పాటలు పుస్తకాల్లో ఉండవు, పాపమ్మా వాళ్ళ అత్తా కట్టుకున్నవి. సీడీ చేసేవాళ్ళు ఎవరైనా ఎరుకా నాయనా, అని అడిగింది.

ఒక్కరు ఎరుకేనండి, అన్నాడు రాజరత్నం.

అలా తనని పక్కన పెట్టిన స్టూడియోకి తనే బేరం తీసుకెళ్ళాడు. పాపమ్మ, ఆమెతో నలుగురు ఆడవాళ్ళు ఎండురొయ్యల పొట్లం ఆనంద్ పాల్‌కి ఇచ్చి, చాప మీద కూర్చున్నారు. అందరూ పాడక్కర్లేదు, అమ్మ ఒక్కరు పాడితే మిగతాది కంప్యూటర్ చూసుకుంటుందన్నాడు ఆనంద్ పాల్. పాపమ్మ గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"నీటి మీద నడిచినవాడా, మా దోనెక్కి కూర్చోవయ్యా..."

గొంతు ముసలిదే గానీ బలంగా ఉంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతదు, నీళ్ళలో దోనె జరిగినట్టు జరుగుతుంది. చరణం చరణానికీ ఇంత పైకి ఎక్కుతుంది. సాఫ్ట్‌వేర్ దాని వెంట పడింది. ఆమె జారుతుంటే ఎక్కడ ఆగుతుందో తెలియక, కింది గొంతు కుక్కపిల్ల తోక తొక్కినట్టు కుయ్యిమంది. ఆనంద్ పాల్ ఏవేవో నొక్కాడు. మళ్ళీ కుయ్యిమంది.

ఆనంద్ పాల్ కుర్చీ తిప్పాడు. "రాజరత్నం గారూ, మీరోసారి చూస్తారా?"

ఈ మాట కోసమే తను పుట్టానని రాజరత్నానికి అనిపించింది. పైకి మాత్రం, "చూద్దాం లెండి," అన్నాడు. తాపీగా లేచాడు, చొక్కా సర్దుకున్నాడు, మైకు ముందు నిలబడ్డాడు. కంప్యూటరు వైపు ఒక చూపు కూడా చూశాడు. గెలిచినవాడు ఓడినవాడి వైపు చూసే చూపు. పాపమ్మ ఎత్తుకుంది. రాజరత్నం కింద నిలబడ్డాడు. ఆమె జారింది. అతను పాత చోటే ఉండిపోయాడు. ఆమె కోసం పరిగెత్తి చేరేసరికి ఆమె ఇంకో చోటికి వెళ్ళిపోయింది. రెండో చరణానికి ఆమె ఎక్కిన మెట్టు అతనికి కనపడనే లేదు.

మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. ఆనంద్ పాల్ తెర మీద రెండు గీతల్ని పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఏమనుకోకండి. మీరూ అదీ ఒకేచోట తప్పుతున్నారండీ."

రాజరత్నానికి మొదటిసారి ఆ కంప్యూటరు మీద అభిమానం పుట్టింది. పాపం, దానికీ తనకొచ్చిన కష్టమే వచ్చింది. దానికి నోరుంటే ఒక టీ పోయించేవాడు.

పాపమ్మకి విసుగొచ్చింది. "బాబూ, ఆ కింద పాడే ఇద్దర్నీ ఆపించు."

"ఇద్దరు కాదండమ్మా, ఒకటి కంప్యూటరండి."

"ఎవరైతేనేంలే. వాళ్ళకి పాట రాదు. పాట రాకుండా సాయం పట్టుకుంటే ఇలాగే ఉంటుంది." ఆ తర్వాత రాజరత్నం వైపు తిరిగి, మెత్తగా, "నువ్వు మా ఊరు రా అబ్బాయ్. నేర్పుతాను," అంది.

ఆ మాట ఆమె ఊరికే అన్నదేమో గానీ రాజరత్నం వెళ్ళాడు. ఆదివారం ఏలూరులో ఆరాధన అవగానే బస్సు, బస్సు దిగి ఆటో, ఆటో దిగి నడక. కొట్టేసిన గట్ల మధ్య నీళ్ళు ఎటు పోవాలో తేల్చుకోనట్టు పరుచుకుని ఉండేవి. కిక్కిస గడ్డి దుబ్బుల్లోంచి పక్షులు లేచేవి. పాపమ్మ వాకిట్లో చేపలు బాగుచేస్తూ ఒక వరస పాడేది, అతను దాన్నే మళ్ళీ అనేవాడు. అతని గొంతు పల్లవి ఎక్కుతుంటే లోడు లారీ వంతెన ఎక్కుతున్నట్టుండేది. ఆడవాళ్ళు చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. రాజరత్నమూ నవ్వేవాడు. మైకు ముందు ఇస్త్రీ చొక్కాలో పోయిన పరువు ఇక్కడ చేపల పొలుసు మధ్య పోవడం పెద్ద బాధగా అనిపించలేదు.

వరస చివర "వాడా" దగ్గరా "వయ్యా" దగ్గరా మాత్రం ఎవరూ చెప్పకుండానే గట్టిగా అందుకునేవాడు.

"ఆ రెండు మాటలకే వస్తావేంటి? మధ్యలో ఏవైపోతావు?" అనేది పాపమ్మ.

మధ్యలో ఏముందో మెల్లగా తెలిసింది. దోనెకి చిల్లు ఉంది, గాలి వేస్తోంది, నువ్వు మునగని మనిషివి కదా, వచ్చి మాతో కూర్చుంటే మాకు ధైర్యంగా ఉంటుంది. పాటంతా అదే. అంత పెద్దవాడిని అంత చనువుగా అడగడం రాజరత్నానికి కొత్తగా ఉంది. ఒక మధ్యాహ్నం, పాపమ్మ మనవడు దోనె తోస్తుంటే, ఆడవాళ్ళందరితో కలిసి ఆ పాట మొదటి మాట నుంచి చివరి మాట దాకా పాడేశాడు. అయిపోయాక గానీ అతనికే తెలియలేదు. ఎవరూ మెచ్చుకోలేదు, వాళ్ళకది పాట, అంతే. ముందు కూర్చున్నావిడ వెనక్కి తిరిగి, కాలు కాస్త జరుపుకో బాబూ, నీళ్ళొస్తున్నాయి, అంది.

క్రిస్మస్ దాటాక రికార్డింగు అయింది. సాఫ్ట్‌వేర్ కట్టేసి, ఉన్న రెండు మైకులూ మధ్యలో పెట్టి అందరినీ చుట్టూ నిలబెట్టాడు ఆనంద్ పాల్. ఒకే వరస, అందరిదీ. దోనె పాటలో మూడో చరణం రాజరత్నాన్ని ఒక్కడినే పాడమంది పాపమ్మ. పాడాడు. రెండుచోట్ల వణికాడు, ఒకచోట ఊపిరి చాలక మాట మింగేశాడు.

"మళ్ళీ తీసుకుందామాండీ?" అన్నాడు ఆనంద్ పాల్.

"ఎందుకు? అయిపోయింది కదా," అంది పాపమ్మ.

ఆడవాళ్ళు వెళ్ళాక ఆనంద్ పాల్ సరదాకి ఆ చరణం ఒక్కటీ తీసి, రాజరత్నం గొంతు కింద సాఫ్ట్‌వేర్ చేత బేస్ పాడించి వినిపించాడు. ఊపిరి తీసుకోని గొంతు అడుగున వెన్నలా పరుచుకుంది. రాజరత్నం శ్రద్ధగా విన్నాడు.

"ఆ కింది గొంతు కాస్త తగ్గించండి. పాట వినపడట్లేదు," అన్నాడు. అని, తను ఏమన్నాడో తనకే అర్థమై, కుర్చీ పట్టుకుని చాలాసేపు నవ్వాడు. ఆనంద్ పాల్ కూడా నవ్వి, దాన్ని తీసేశాడు.

సీడీ అట్ట మీద "పాడినవారు: పాపమ్మ, సంఘం వారు" అని మాత్రమే పడింది. రాజరత్నం పేరు ఎక్కడా లేదు. ఆ సంగతి అతనికి కొన్ని వారాల తర్వాత గానీ తట్టలేదు. ఆ తర్వాత వేరే కోరస్ పని ఏదీ రాలేదు. కెజియాకి కూడా తగ్గిపోయింది, ఆమె గొంతు ఒకసారి తీసుకుంటే కంప్యూటరు దాన్ని చాలా పాటలకి వాడుకోగలుగుతోంది. ఆమె ట్యూషన్లు మొదలుపెట్టింది. రాజరత్నం మిల్లుకి వెళ్తూనే ఉన్నాడు, వీలైన ఆదివారాలు కొల్లేటికోట వెళ్తూ ఉన్నాడు. చర్చి క్వయర్లో మాత్రం మాస్టారితో చిక్కొచ్చిపడింది. బేస్ పాడవయ్యా అంటే, అలవాటు తప్పి పల్లవిలోకి ఎక్కేస్తున్నాడు.

రెండో వేసవిలో ఒక ఆదివారం వెళ్ళేసరికి పాపమ్మ వాకిట్లో కూర్చుని తనలో తను నవ్వుకుంటోంది. విశాఖపట్నం నుంచి వాళ్ళ సంఘం మనిషి ఫోన్ చేశాడట.

"ఏమన్నారండీ?"

"రోజూ పెట్టుకుంటున్నారంట. అన్నీ బాగున్నాయి గానీ, ఆ మూడో చరణం పాడినాయన ఎవరమ్మా, జ్వరంలో పాడాడా అని అడిగాడు."

రాజరత్నం ముందు నవ్వాడు. "మీరేమన్నారు?"

"మావాడేలే అన్నాను," అంది పాపమ్మ, చేపల బుట్ట ముందుకి లాక్కుంటూ.

మర్నాడు మిల్లులో ఆ జ్వరం సంగతి అందరి చెవుల్లోనూ అరిచి మరీ చెప్పాడు రాజరత్నం. వాళ్ళు పడీపడీ నవ్వారు. పాపమ్మ ఇచ్చిన జవాబు మాత్రం చెప్పలేదు. ఆ రొదలో అది ఎవరికీ సరిగ్గా వినపడదులే అనుకున్నాడు.